తాళం వేసిన ఇంటి మీటరు

పోయిన వారం మా ఇంటికి కొత్త మీటరు బిగించారు. బిగించినతను నిచ్చెన దిగి చేతులు దులుపుకుంటూ, "ఇగ రీడింగుకు ఎవ్వరు రారమ్మా. అంతా ఆఫీసుల కూసుంటేనే కనబడ్తది," అన్నాడు. శుభవార్త చెప్పినట్టే చెప్పాడు. ఇరవై తొమ్మిదేళ్ళు కరెంటాఫీసు బిల్లింగు సెక్షన్‌లో అరిగిపోయిన దాన్ని కాబట్టి అందులో సుఖమేమిటో నాకూ తెలుసు. అయినా నోరూరుకోక, "ఎవ్వరు రారా?" అని మళ్ళీ అడిగాను. "ఎందుకొస్తరమ్మా, పనేముంది?" అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఖాలా ఫోన్ చేసింది. పిన్ని అన్నట్టు ఆమెను అందరం అలాగే పిలుస్తాం. నేను లాల్‌దర్వాజాలో అద్దెకున్న రోజుల్లో ఆమె మా పక్కనే పిండి గిర్ని నడిపేది. ఇప్పుడు గిర్ని లేదు, మోకాళ్ళు పనిచేయవు, గొంతు మాత్రం అప్పటిదే. "మీటర్ భాయ్ పోయిండు బేటా," అంది. మా ఆఫీసు మీటరు రీడరుకు ఆమె పెట్టుకున్న పేరది. సమాధుల తోటకు తనను కూడా తీసుకుపొమ్మంది.

ఆయన పేరు రాయను. ఒకసారి ఎవరో తన గురించి పేపర్లో వేస్తామని వస్తే, "మీటరు మీద ఇంటోళ్ళ పేరు ఉంటదన్నా, రీడింగు తీసినోని పేరు ఉండదు," అని మంచినీళ్ళిచ్చి పంపేశాడు. నేనిప్పుడు ఆ మాట దాటలేను.

పొట్టి మనిషి. తెల్లని పొడుగు చేతుల చొక్కా, ఖాకీ ప్యాంటు, నీలం పట్టీల హవాయి చెప్పులు. చెవిలో పెన్సిలు. ఏ ఇంటికి రీడింగుకు వెళ్ళినా గుమ్మం బయట చెప్పులు విప్పేవాడు. మీటరు బయటి గోడకే ఉన్నా సరే, మే నెల ఎండలో బండలు కాలుతున్నా సరే. "మీటరు బయటనే ఉన్నది కదా, చెప్పులెందుకు ఇడుస్తవు?" అంటే, "ఇల్లు ఇల్లే కదక్కా," అనేవాడు.

అక్కా, అన్నా తప్ప ఆయన నోట మూడో పిలుపు లేదు. వీధి ఊడ్చే ఆమె అక్క, మా డివిజనల్ ఇంజినీరు అన్న. అందరికీ ఒకటే "మీరు". ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్ అనుడు రాదా నీకు?" అని అరిచాడు. ఈయన నిదానంగా, "వస్తదన్నా. కాని అందర్ని సారంటే నోరు నొస్తది, కొందర్నే అంటే మనసు నొస్తది. అన్న అంటే అందరికి సరిపోతది," అన్నాడు. మెమో ఇచ్చారు. ఆ మెమో టైపు చేసింది నేనే. నవ్వాపుకోలేక రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టాను. మెమో తీసుకుని, "అక్షరాలు మస్తు మంచిగ పడ్డయక్కా," అన్నాడు.

ఆదివారం చర్చికి వెళ్ళేవాడు గాని పాటలు పాడేవాడు కాదు. చివరి బల్ల మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడట. "దేవుడు మాట్లాడెటప్పుడు మనమే పాడుకుంట కూసుంటే ఎట్ల ఇనబడ్తది?" అని నన్నే ఎదురు అడిగాడు. "ఊకుంటే ఇనబడ్తది." ఇది ఆయన ఊతపదం. ఆఫీసులో ఇద్దరు కొట్టుకు చస్తున్నా అదే మాట, రేడియో పాడైనా అదే మాట. మాకందరికీ అది విని విని విసుగు పుట్టింది. అందులో ఎంత పని దాగి ఉందో అప్పటికి మాకు తెలియదు.

ఒట్టు పెట్టేవాడు కాదు. గిర్ని మీటరు పరిగెత్తుతోందని ఖాలా ప్రతి నెలా లొల్లి పెట్టేది. పిండి కొట్టుకున్న చేతులు నడుము మీద పెట్టుకుని, "సరిగ్గా చూసిన అని కసమ్ తిను!" అనేది. "తిననక్కా. కసమ్ తిన్ననాడే నిజం చెప్తననుకుంటరు. మిగిలిన దినాలు అబద్ధమనుకుంటరు," అనేవాడు. "ఏం మనిషివయ్యా!" అని ఖాలా తల బాదుకునేది. తర్వాత ఆయనే స్వయంగా పరీక్ష పెట్టించి, ఆ మీటరు నిజంగానే పరిగెత్తుతోందని రాసిచ్చాడు. ఆ రోజు నుంచి ఖాలా దగ్గర ఆయన మాటకు తిరుగులేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

అప్పటికి పాతబస్తీలో చాలా ఇళ్ళకు పాత మీటర్లే. అద్దం వెనక అల్యూమినియం చక్రం తిరుగుతూ ఉండేది, దాని అంచు మీద ఒక ఎర్ర గుర్తు. తాళం వేసిన ఇంటికి వెళితే మిగతా రీడర్లు అంకెలు రాసుకుని, పక్కన తాళం అని టిక్కు పెట్టి వెళ్ళిపోయేవారు. ఈయన చెప్పులు విప్పి, చేతి గడియారం చూసుకుంటూ ఆ చక్రం ముందు ఒక పూర్తి నిమిషం నిలబడేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"తాళం బయట ఉన్నది. చక్రం తిరుగుతున్నది. అంటే లోపల ఏదో నడుస్తున్నది కదక్కా."

"ఫ్రిజ్జు ఉంటది."

"ఫ్రిజ్జైతే ఒక్కతీరుగ తిరుగుతది. నిద్రపోయినోళ్ళ ఊపిరి తీరు. మనిషి చెయ్యి ఉన్నదనుకోండ్రి, జర ఉరుకుతది, ఆగుతది, మల్ల ఉరుకుతది. కుట్టుమిషిను మోటరు గట్లనే ఉంటది. బయట తాళమేసి లోపల మిషిన్లు ఎవరు కుడ్తున్నరు?"

 ఇన్నేళ్ళు నేను కంప్యూటర్లో కొట్టిన అంకెల వెనక ఇలాంటిది ఒకటి ఉండవచ్చని ఒక్కసారీ తోచలేదు.

అలా ఆయన కనిపెట్టిన మొదటి ఇంటి గురించి నేను చెప్పుకోవలసింది ఉంది. ఒకనాడు నా బల్ల మీద చీటీ పెట్టాడు. ఇంటి సర్వీసు నంబరు, దాని కింద గుండ్రటి అక్షరాలతో, "తాళం ఉన్నది. లోపల మనుషులున్నరు." చదివాను. కంప్యూటర్లో రిమార్కు గడిలో మాకున్నవి నాలుగే మాటలు. ఇంటికి తాళం, మీటరు ఆగింది, మీటరు కాలింది, ఇల్లు కూలింది. మనుషులున్నారు అని కొట్టడానికి వీల్లేదు. నేను ఇంటికి తాళం అని కొట్టాను.

"ఇది పైకి పోతదా అక్కా?" అని అడిగాడు.

"పోతది," అన్నాను. నెలాఖరు, నెత్తిమీద పని. ఆ చీటీని ఒక కాగితంగా రాసి ఇంజినీరు బల్ల మీద పెడితే పోయేది. రాయలేదు. చీటీ సొరుగులో పడింది.

ఆయన రూలు ప్రకారం మళ్ళీ రీడింగు తారీఖు దాకా ఆగాడు. నెల తర్వాత వెళ్తే చక్రం కదలడం లేదు. తలుపు తెరిచే ఉంది, లోపల దారపు ముక్కలు తప్ప ఏమీ లేవు. ఎక్కడికి తరలించారో ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. మీటరు అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "నెల ఆగినక్కా. తారీఖు కోసం ఆగిన," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆయన ఏటా ఒకసారి ఆ ఖాళీ ఇంటికి వెళ్ళి ఆ మీటరు చూసి వచ్చేవాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఆయన తారీఖుల కోసం ఆగలేదు.

రెండో ఇల్లు సైదాబాద్ వైపు ఒక గల్లీలో. నైటీలు కుట్టే చోటు. ఆరుగురు ఆడవాళ్ళు, ఒడిశా కొండల నుంచి తెచ్చిపెట్టినవాళ్ళు. కాగితాలన్నీ యజమాని బీరువాలో. ఈయన ఆ యజమానినే తిన్నగా అడిగాడట. "లోపల ఎవ్వరు లేరు, గోదాం అది," అన్నాడట అతను. "మీటరు ఉన్నరంటున్నదన్నా," అని చెప్పి వచ్చాడు. వెనక సందులో ఒక వెంటిలేటరు ఉంది. దాని కింద నిలబడి రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "జానా హై క్యా? పోవాలని ఉన్నదా?" రమ్మనేవాడు కాదు, తీసుకుపోతాననేవాడు కాదు. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు ఒక గొంతు, ఉన్నదని, "హై," అంది. మిగతా అయిదుగురికి నోరు పెగలలేదు.

ఆ గొంతు సుకాంతిది.

గురువారం పదకొండింటికి గుడ్డ మూటలు దించడానికి తలుపు తెరుస్తారు. ఆ పావుగంట మిషిన్లు ఆగుతాయని చక్రమే ఆయనకు చెప్పింది. ఆ వేళకు వెళ్ళి గల్లీ మొదట్లో నిలబడ్డాడు. సుకాంతి మూటల పక్కనుంచి బయటికి నడిచి వచ్చేసింది. కాళ్ళకు చెప్పులు లేవు. ఈయన తన హవాయి చెప్పులు విప్పి ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ, ఆమె ఆ పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ, ఈయన వట్టి కాళ్ళతో, సైదాబాద్ నుంచి లాల్‌దర్వాజా దాకా మెయిన్‌రోడ్డు మీద పట్టపగలు నడిచి వచ్చారు.

"మీ ఇంట్ల ఒక అక్కకు జాగ ఉంటదా?" అని ఆయన ముందురోజే అడిగాడు. ఆలోచించకుండా ఉంటదని చెప్పేశాను. సొరుగులో చీటీ నా చేత చెప్పించింది. కాని వాళ్ళిద్దరూ అలా వచ్చేసరికి గబగబా గేటు వేశాను.

"ఆటో దొరకలేదా మీకు? దారి పొడుగునా ఊరంతా చూసి ఉంటది!"

"ఆమె నడుస్తనన్నదక్కా. ఎన్ని నెలలాయెనో నడవక." చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఊరు చూస్తే చూడని. చూసినోళ్ళే రేపు సాక్షులు."

ఆ అయిదుగురిని విడిపించి, సుకాంతికి వెట్టి నుంచి విడుదల కాగితం ఇవ్వవలసిన అధికారి బోనాల బందోబస్తులో ఉన్నాడు. ఈయన వెళ్ళి అడిగితే పండుగ అయ్యేదాకా ఆగమన్నారు. నాలుగు రోజులు ఆమె మా ఇంట్లో ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు చప్పుడైతే వంటింట్లో బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళి కూర్చునేది. నాకు నిద్ర లేదు. చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. పసుపు రాసి, నెత్తిన బోనం పెట్టి జాతర గుంపులో కలిపేస్తే, మలక్‌పేటలో మా చెల్లెలింటికి చేర్చేయవచ్చని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "దాచుడు ఎందుకక్కా? ఆమె ఏమన్న దొంగతనం చేసిందా?"

నాకు మండింది. ఈయన సత్యం ఈయనకుంది, ప్రాణం మీదికొచ్చేది ఆ పిల్లకు కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున పదింటికి యజమాని వచ్చాడు, వెంట ఇద్దరు మనుషులు. గల్లీ అంతా పండుగ పనిలో ఉంది. గడపలకు పసుపు రాసేవాళ్ళు, వేపమండలు కట్టేవాళ్ళు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

"మా దగ్గర పనిచేసే ఆమె మీ ఇంట్ల ఉన్నదంట."

"ఎవ్వరు లేరు," అన్నాను. అబద్ధం తడుముకోకుండా వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను. "లోపల ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే ఉంట."

అతను నా మొహం చూశాడు, ఇంటి వైపు చూశాడు. పక్క మనిషితో, "చల్, ఇక్కడ కాదేమో," అన్నాడు. వెనక్కి తిరిగాడు కూడా. సుకాంతిని చూసి పోదామని వచ్చి మా పెరటి నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్న ఈయన, సరిగ్గా అప్పుడు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఉన్నదన్నా," అన్నాడు. "లోపలనే ఉన్నది."

ఆ క్షణంలో ఆయన్ని నేను ద్వేషించాను. దాచుకోవడం దేనికి, చేతిలో చెంబు ఉంటే నెత్తిన కొట్టేదాన్ని.

"ఉన్నది. మీతోని రాదు," అన్నాడు మళ్ళీ, గల్లీ మొత్తానికి వినబడేట్టు. ఆయన గొంతు పెంచడం అదొక్కసారే విన్నాను. వేపమండలు కట్టేవాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోయారు. గిర్ని చప్పుడు ఆగింది. ఖాలా మొహం నిండా పిండితో వచ్చి, ఏమిటని అడగను కూడా అడగకుండా, నా గడప మీద కూర్చుంది. గడపంతా నిండిపోయింది.

యజమాని అరిచాడు. "నా మనిషిని దాచి మల్ల నాకే చెప్తున్నవా?"

"దాచలేదన్నా, అందుకే చెప్తున్న. మీ మనిషి కాదు. ఆమె ఆమెదే. నమ్మకుంటే ఆమెనే అడుగుండ్రి."

లోపల బియ్యం డబ్బా జరిగిన చప్పుడైంది. సుకాంతి బయటికి వచ్చింది. ఆ పెద్ద చెప్పులు వేసుకునే వచ్చింది. ఖాలా భుజం మీద చెయ్యి వేసి నిలబడి, నాలుగు రోజులుగా మూసుకున్న నోరు తెరిచింది.

"నై జాతీ," అంది. గొంతు చాలలేదేమో, మళ్ళీ అంది. "నై జాతీ. ఔర్ పాంచ్ హై. ఉన్‌కో భీ ఛోడ్." నేను రాను. ఇంకా అయిదుగురున్నారు, వాళ్ళనూ వదులు.

గల్లీలో ఎవరో, "అయిదుగురా?" అన్నారు. ఇంకెవరో, "ఏ ఇల్లు? నడువుండ్రి, చూద్దాం," అన్నారు. ఖాలా గడప మీంచి లేవకుండానే, "దాచుడు మేము కాదు, నువ్వురా! నికల్!" అని వేలు చూపింది. ముగ్గురూ ఎంత త్వరగా వచ్చారో అంతకంటే త్వరగా వెళ్ళిపోయారు. కాని గల్లీ వాళ్ళు వదల్లేదు. వేపమండలు వదిలేసి, పసుపు చేతులతోనే సైదాబాద్ దాకా వెళ్ళారు. అంతమంది గుమిగూడాక బందోబస్తులో ఉన్న అధికారికి కూడా తీరిక దొరికింది. సాయంత్రానికి తాళం తెరిచారు.

ఆఫీసులో విచారణ జరిగింది. డ్యూటీ లేని రోజు ఆ ఇంటికి వెళ్ళావా అని అడిగారు. "పోయిన." ఎవరి పర్మిషన్‌తో? "అడగలే." పాపం ఇంజినీరు మంచివాడే, "పొరపాటున పోయిన అని రాయి, ఇడిసిపెడ్త," అన్నాడు. "పొరపాటున పోలేదన్నా, తెలిసే పోయిన," అన్నాడు ఈయన. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. ఆ ఉత్తర్వు కూడా నా చేతే టైపు చేయించారు. ఈసారి నవ్వు రాలేదు. తర్వాత ఇంకా ఎన్ని తాళాల ముందు నిలబడ్డాడో నాకు తెలియదు. ఆయన చెప్పడు, మనం అడిగితే చేతి గడియారం చూసుకుంటాడు.

ఇన్నేళ్ళలో ఎందరో పెద్దవాళ్ళను చూశాను, దండలు వేశాను, చప్పట్లు కొట్టాను. నేను నిజంగా తల వంచింది మాత్రం ఈ హవాయి చెప్పుల మనిషి ముందే.

ఖాలాను ఆటోలో ఎక్కించుకుని సమాధుల తోటకు వెళ్ళాను. గేటు బయట చెప్పుల గుట్ట. అక్కడ చెప్పులు విప్పే ఆచారమేమీ లేదు. లోపల ఒక పక్కగా చాలామంది ఆడవాళ్ళు వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు. పాస్టరుగారు పాట ఎత్తుకోబోతే మీటర్ భాయ్ కూతురు చెయ్యి ఎత్తి వద్దంది. అందరం ఊరికే నిలబడ్డాం. ఖాలా కూడా.

అంతా అయ్యాక సుకాంతి నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు సైదాబాద్‌లోనే సొంత టైలరింగ్ షాపు. తలుపు రెండు రెక్కలూ రోజంతా తెరిచే పెడుతుందని ఖాలా చెబుతుంది. తెలుగు మాలాగే మాట్లాడుతుంది, ఆయన్ని కన్నతండ్రిలా బాపు అంటుంది. నేను ఇన్నేళ్ళుగా మనసులో ఉన్నది అడిగేశాను. "ఆ రోజు ఆయన ఉన్నదని చెప్పినప్పుడు నీకు భయం కాలేదా? నేను నిన్ను కాపాడుదామని లేదంటే..."

సుకాంతి నా చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపం కాదక్కా. నువ్వు మంచికే అన్నవు. కాని ఆ మాట నాకు ముందుగాల్నే తెలుసు. లోపల ఎవ్వరు లేరు. తలుపు ఎవరు కొట్టినా సేటు గదే చెప్తుండె. ఏడాది పొడుగు, దినాం ఇన్న. ఇని ఇని, నేను నిజంగనే లేనేమో అనిపించేది. నీ ఇంట్ల డబ్బా ఎనక కూసుని మల్ల గదే ఇన్న. గప్పుడు బాపు ఉన్నదన్నడు." కళ్ళు తుడుచుకుంది. "గందుకే లేచిన."

 నా బల్ల, ఆ నాలుగు మాటల కంప్యూటరు, సొరుగులో ఆ గుండ్రటి అక్షరాల చీటీ కళ్ళ ముందుకు వచ్చాయి. యజమాని అన్న మాటనే నేను రెండుసార్లు అన్నాను. ఒకసారి పని తొందరలో, ఒకసారి ప్రేమతో.

ఖాలాను దింపి మా గల్లీకి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. మొదట్లోనే ఒక ఇల్లుంది, మూడు నెలలుగా తాళం. రోజూ దాని ముందునుంచే కూరగాయలకు పోయి వస్తుంటాను. గోడకు మా ఇంటిలాంటి కొత్త మీటరే ఉంది. చక్రం లేదు, దాని బదులు ఎర్ర లైటు మిణుకుమంటోంది. చెప్పులు విప్పాను. బండ కాలుతోంది. చేతికి గడియారం లేదు, మనసులో అరవై దాకా లెక్కపెట్టుకున్నాను. లైటు నిదానంగా, ఒక్కతీరుగానే వెలిగి ఆరుతోంది. ఫ్రిజ్జే కావచ్చు. అయినా తలుపు తట్టి, "లోపల ఎవరన్న ఉన్నరా?" అని అడిగి, జవాబు కోసం ఆగాను.